ఆఖరి భాగం అయిపోయాక

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, ఒకప్పటి హుస్సేన్ బాషా టీవీ రిపేరు కొట్టు వెనకాల ఇల్లు. మిట్టమధ్యాహ్నం. జాలరిపేట పోతమ్మ నెత్తిన చేపల గంప లేకుండా ఈ గుమ్మం ముందుకు రావడం ఇదే మొదటిసారి.

“మెల్లగా మాట్లాడు పిన్నీ. అత్తమ్మ మెలకువగానే ఉంది.”

“ఓలమ్మ నర్గీసూ. ఏటమ్మా ఇది. మీ అన్న గవుసు ఫోన్లో సెప్తంటే నాను నమ్మనేదు. నిన్న సందేళ కూడా నీ పెనిమిటి నాకు ఎదురొచ్చినాడే. బండాపి, పోతమ్మ పిన్నీ, పరవాడ మందుల కంపినీలో నైటు డూటీకి పోతన్నాను, రేపు మంచి వంజరం ముక్క తేవా అన్నాడు.”

“తెల్లారగట్ట పేలిందంట. రియాక్టరు. అక్కడ ఉన్నవాళ్ళెవరూ...”

“వొద్దు, సెప్పకు. ఇప్పుడెక్కడున్నాడు తౌసిఫు?”

“పెద్దాసుపత్రిలో. మార్చురీ దగ్గర మా గౌస్ అన్న ఉన్నాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకి తెస్తారు. ఇంట్లో ఎక్కువసేపు ఉంచరు. మొహం... మొహం చూపించరంట పిన్నీ. అన్న కాలు చూసి గుర్తుపట్టాడు.”

“కాలేటి?”

“కుడికాలి బొటనవేలి కింద మచ్చ ఉంటుంది కదా.”

“ఆ గేలం మచ్చ. సిన్నప్పుడు ఆటల్లో నా గంపలో కాలెట్టీసినాడు, సేప నోట్లో ఇరిగిపోయిన గేలం దిగిపోనాది. ఏడవనేదు తెల్సా గుంటడు. అమ్మీకి సెప్పకు పిన్నీ అన్నాడు.”

“ఇప్పుడు ఆ అమ్మీకే చెప్పాలి. పొద్దుట అడిగితే, డబుల్ డ్యూటీ పడింది, రాత్రికి వస్తారని చెప్పాను. ఆవిడ గుండె ఎలాగుందో నీకు తెలుసు. ఒక్కసారిగా ఏదీ చెప్పొద్దని డాక్టరు మరీ మరీ అన్నారు. నా నోటంట రాదు పిన్నీ. నువ్వు చెప్పు.”

“నానేటి సెప్తానే.”

“రోజూ చెప్తున్నావు కదా. ‘ఏడు గడపల ఇల్లు’ సీరియల్ ఆఖరి భాగం వచ్చినప్పుడు మా మాహిరా ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడది టెన్త్. వేరే చానెల్‌కి మారింది, మా పేటలోనే వస్తాదని చెప్పి నువ్వు ఇంకా అల్లి చెప్తూనే ఉన్నావు. అలాగే, కథలో పెట్టి, మెల్లమెల్లగా...”

“కతలో నానెవుల్నీ సంపలేదే. సంపినా నాలుగు రోజులకి బతికించి తెచ్చీసేదాన్ని. మీ అత్త తిండి మానేత్తాదని.”

“అసర్ లోపు చెప్పాలి పిన్నీ. ఆ బండి వచ్చి గుమ్మంలో ఆగాక కాదు.”

“నీ గాజులేవే?”

“తీసేశాను పిన్నీ.”

“సరే, సరే. మాహిరాని పక్కింట్లోనే ఉండనీ. నానెల్తాను.”

లోపలి గదిలో, వీధి కిటికీ పక్కన మంచం. షుగరు చూపు తీసుకుపోయిన నాటినుంచి చాంద్ సుల్తానా ఆ కిటికీని వదిలింది లేదు.

“ఎవరది, పోతీ?”

“నానే బూబమ్మా.”

“గంప దించిన చప్పుడు వినపడలేదే.”

“గాలేసింది. పడవలు ఏటకి పోనేదు.”

“స్నానం చేసొచ్చావా?”

“నాను తానం సెయ్యకూడదేటి? పోలీసులట్టుకుంతారా?”

“నీ దగ్గర సబ్బు వాసన ఎప్పుడొచ్చింది గనక. మా తౌసిఫ్ నిఖాకి కూడా నెత్తళ్ళ వాసనతోనే వచ్చావు.”

“సాల్లే. మందులేసుకున్నావా?”

“నర్గీస్ వేసిపోయింది. మాటా పలుకూ లేకుండా. అవునే, ఇవాళ వీధిలో ఒక్క టీవీ మోగట్లేదేం? ఈపాటికి మూడిళ్ళ ఏడుపులు కలిసి నా చెవిలో పడాలి.”

“కరెంటు పోనాది.”

“నా నెత్తి మీద ఫ్యాను ఎవరు తిప్పుతున్నారు, నువ్వా?”

“కరెంటంటే కరెంటు కాదు మరి. కేబులు. తీగ తెగిపోనాదంట.”

“కేబుల్ తెగితే ఇవాళ్టి భాగం నువ్వెలా చూశావు?”

“మా పేటలో కేబులోడు వేరే.”

“హా. మీ పేటలో అన్నీ వేరే.”

“బాషాగారే ఉంటేనా, ఈపాటికి స్తంబం ఎక్కీసి తీగ కట్టీసి ఉందురు.”

“ఆయనుంటేనా. ఒకసారి సరిగ్గా సీరియల్ టైముకి కరెంటు పోతే లారీ బ్యాటరీ మోసుకొచ్చాడు, గుర్తుందా? కొట్టు మెట్ల మీద టీవీ. వీధి పొడుగునా చాపలు.”

“గేపకం నేకేటి. మా జాలరోల్లమంతా బేగి బేగి సేపలమ్మీసుకొని, గంపలు మీ గోడకి బోర్లించి కూకునేవోల్లం. ఒకావిడ వాసనని ముక్కు మూసుకుంది. బాషాగారేటన్నారు? ముక్కు మూసుకున్నోళ్ళు కళ్ళు కూడా మూసుకోండి, టీవీ నాది అన్నారు.”

“ఆవిడ అలాగే కొంగడ్డం పెట్టుకుని ఆఖరిదాకా చూసింది.”

“సూడకేటి సేత్తాది. ఆ యేలకి ఏ ఇంట్లో పొయ్యి ఎలిగింది గనక. మా ఆయన కూడు కూడు అని అరిసి అరిసి, సివరాకరికి ఆడూ వచ్చి నా యెనకాల కూకున్నాడు. వైదేహిని అత్త గెంటీసిన రోజు నాకన్నా ఆడే ఎక్కువ ఏడ్సినాడు.”

“వైదేహి చీరలని అమ్మారు. వైదేహి గాజులని అమ్మారు. మా మెయిన్‌రోడ్డు కొట్లలో వేరే పేరు చెప్తే బయటికి తీసేవారు కాదు.”

“మా పేటలో ఆ ఏడు పుట్టిన ఆడగుంటలందరూ వైదేహిలే. ఇప్పుడు వీధిలో నిలబడి వైదేయీ అని కేకేత్తే ఇంటింటికీ ఒకర్తి పలుకుద్ది. మా తమ్ముడు ఉమామహేషు పడవకి కూడా ఆ పేరే రాయించినాడు. ఒకసారి కెరటం కొట్టి తిరగబడిపోనాది, మల్లీ అదే లేసింది. పేరు మహత్యం అంతాడు.”

“ఆ సీరియల్లో ఎవరు మునిగినా తేలేవారే.”

“తేలకపోతే ఎవులు సూత్తారు?”

“ఆవిడ మొగుడు కారుతో లోయలో పడిపోలేదూ. కొన్నాళ్ళకి వేరే మొహంతో వచ్చాడు. ప్లాస్టిక్ సర్జరీ అన్నారు. అప్పటికి నాకు కళ్ళున్నాయి. ఆ కొత్త మొహం నాకు నచ్చలేదని గోల చేస్తే మా తౌసిఫ్ ఏమన్నాడో తెలుసా? మనిషి వచ్చాడు కదా అమ్మీ, మొహంతో ఏం పని నీకు అన్నాడు.”

“ఆడి మాటలు అలాగే ఉంతాయి.”

“అంతకు ముందు, యాంటెన్నా రోజుల్లో, పాపం వాడు మేడెక్కి ఆ కమ్మీ తిప్పేవాడు. వచ్చిందా అమ్మీ, వచ్చిందా అని పైనుంచి. ఇంకొంచెం బేటా, ఇంకొంచెం అని కిందనుంచి నేను. చెయ్యి తీస్తే బొమ్మ పోయి చుక్కలొచ్చేవి. మనం చూసినంతసేపూ వాడు పైనే పట్టుకు నిలబడేవాడు. వాడికంటూ ఒక్క భాగం దక్కలేదు. అన్నం పెడుతూ నేనే చెప్పేదాన్ని, ఇవాళ ఇలా అయింది అని.”

“నీ కల్లు పోయినాక నాను నీకు సెప్పినట్టు.”

“నాకు చెవులున్నాయి కదా, టీవీ వినొచ్చు కదా అన్నారు అందరూ. ఏం వింటాను? ఆ సీరియళ్ళలో సగంసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడమే. ఢాం అని ఒక చప్పుడు. ఎవరు చూశారో, ఎవరి మొహం మాడిందో నాకేం తెలుస్తుంది? నువ్వయితే అన్నీ చెప్పేదానివి. సరే, చెప్పు. నిన్న వైదేహి కొడుకు మిల్లుకి వెళ్ళాడన్నావు.”

“ఎల్నాడు.”

“వెళ్ళి?”

“బూబమ్మా, ఈరోజు భాగం బాగోనేదు. పాతదేదేనా సెప్పుకుందాం. వైదేహి పెల్లి సెప్తాను.”

“పెళ్ళి ఎన్నిసార్లు చేస్తావే దానికి. ఇవాళ్టిది చెప్పు.”

“మిల్లులో నిప్పంటుకుంది.”

“ఎప్పుడు?”

“తెల్లారగట్ట.”

“వాడు బయటే ఉన్నాడు కదా.”

“లోపలున్నాడు.”

“వెనక తలుపుంటుంది పోతీ. ఎప్పుడూ వెనక తలుపొకటి ఉంటుంది.”

“ఈ మిల్లుకి నేదు.”

“అయితే ఆ డ్రైవరు వీర్రాజు వచ్చి మోసుకుపోయాడు. వాణ్ణి నువ్వు ఊరికే పెట్టలేదు కథలో.”

“ఏటీ?”

“వాళ్ళు. వాళ్ళు ఊరికే పెట్టలేదన్నాను. తర్వాత?”

“వీర్రాజు రానేదు. నీకు ఆయాసం వస్తన్నాది బూబమ్మా. నర్గీసుని పిలుత్తాను.”

“పిలవకు. తర్వాత ఏమయింది?”

“ఆసుపత్రికి తీసుకెల్నారు.”

“వైదేహి చూసిందా?”

“సూపించనేదు. మొహం మీద గుడ్డ కప్పీసినారు.”

“అయితే వాడు కాదు.”

“బూబమ్మా.”

“కాదు. మొగుడప్పుడూ అలాగే గుడ్డ కప్పారు. మరిదప్పుడూ అంతే. మొహం చూపించలేదంటే లోపల వేరేవాడు. ఇన్నేళ్ళు విన్నదాన్ని, నాకు తెలీదా.”

“ఈపాలి గురుతట్టీసినారు.”

“ఎవరు?”

“ఆడి బావమరిది. కాలు సూసి.”

“కాలా.”

“కుడికాలు. బొటనేలు కింద. గేలం దిగిన మచ్చ. నీల్లు తాగు. బూబమ్మా, ఇలాగ నా మీదకి వాలు.”

“వైదేహి కొడుకు బంగళాలో పుట్టాడు పోతీ. బంగళాలో పెరిగాడు. వాడి కాలికి గేలం ఎక్కడ గుచ్చుకుంటుంది?”

“నా గంపలో.”

“చిన్నప్పుడు ఎన్నాళ్ళో కుంటాడు మావాడు. ఏమైందిరా అంటే బెణికింది అన్నాడు. నువ్వూ చెప్పలేదు.”

“ఒట్టేయించుకున్నాడు.”

“ఇవాళెవరు వేయించుకున్నారు?”

“ఎవులూ నేదు. సెప్పమనే పంపినారు. నాకే నోరు పెగల్నేదు. ఒక మాట ఎలాగ సెప్పాలో తెలిసినదాన్నా నాను? నాకొచ్చింది ఇదొక్కటే.”

“నాకు టీవీలు ఆగినప్పుడే తెలిసింది.”

“ఏటి?”

“ఆయన పోయినప్పుడు ఈ వీధిలో ఒక్క టీవీ మోగలేదు. చావింటి పక్కన సీరియల్ ఎవరు పెడతారే. పొద్దున్న వార్తల్లో పరవాడ అన్న మాట నా చెవిన పడింది. ఆ చివరింట్లో ఆపేశారు. దాని పక్కింట్లో ఆపేశారు. ఒక్కొక్కటే ఆగుకుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. నర్గీస్ మందులు పెడితే గాజులు చప్పుడు కాలేదు. అయినా అనుకున్నాను, ఎవరూ వచ్చి చెప్పనంతవరకూ కాదేమోనని.”

“తెలిసీ నాసేత ఎందుకు సెప్పించుకున్నావు?”

“నువ్వు చెప్తే వెనక తలుపు పెడతావేమోనని. ఎప్పుడు తెస్తారు?”

“అసరు యేలకి.”

“మొహం మూసే ఉంచుతారా?”

“మూసే ఉంచుతారు. కాలు... కాలు ముట్టుకోనిత్తారేమో గవుసుని అడుగుతాను.”

“అడుగు. కుడికాలు.”

“కుడికాలే.”

“పోతీ, ఆ సీరియల్ ఎప్పుడో అయిపోయిందని నాకు తెలుసే.”

“ఎవులు సెప్పినారు?”

“వాడే. ఆఖరి భాగం వచ్చిన రోజే చెప్పాడు. ఊరుకో అమ్మీ, రేపు పోతమ్మ పిన్ని ఏం చెప్తుందో చూద్దాం అన్నాడు. తెల్లారి నువ్వొచ్చి వేరే చానెల్ అన్నావు. అప్పటినుంచీ డ్యూటీ దిగి రాగానే నా కాళ్ళ దగ్గర కూచుని అదే అడిగేవాడు. ఇవాళ పిన్ని ఏం చేసింది, ఎవర్ని చంపింది, ఎవర్ని తెచ్చింది అని.”

“ఇద్దరూ కూడి నన్ను సూసి నవ్వుకున్నారన్నమాట.”

“నవ్వుకున్నాం. వినకుండా మాత్రం ఒక్కరోజు లేము. మొన్న నువ్వు వీర్రాజుని పెడితే వాడన్నాడు, అమ్మీ, వీడెవడో పనికొచ్చేవాడే అని.”

“ఇంక నాను సెప్పను. రేపట్నించి రాను బూబమ్మా.”

“రావాలి. గంపతోనే రావాలి. నీ ఇష్టమొచ్చినవాళ్ళని చంపు, ఇష్టమొచ్చినవాళ్ళని తీసుకురా. వైదేహి కొడుకుని మాత్రం తేకు.”

“తేను.”

“నేను ఏడ్చినా తేకు. తిండి మానేసినా తేకు.”

“తేనన్నాను కదా.”

“నువ్వు తెచ్చావంటే నేను నమ్మేస్తానే పోతీ.”