మోగని కళ్ళజోడు

వంటింట్లో అమ్మమ్మ, చెప్పకుండా ఒక రోజు ముందే ఊడిపడిన మనవరాలు. తాతయ్య వసారాలో ఉన్నాడు.

“ఇలా దగ్గరికి జరుగు, చెబుతా. ఆ తలుపు ఓరగా వెయ్యి. మీ తాతకు చూపు మందగించింది గానీ చెవులు మహా చురుకు.”

“కబుర్లకు టైము లేదు అమ్మమ్మా. రేపు మా గైడు ఇక్కడికే వస్తున్నారు. ఆయన ముందు మీట నొక్కితే, తాతయ్య కళ్ళజోడుకు నేను తగిలించిన డబ్బీ ఎక్కడున్నా కుయ్యిమనాలి. లేకపోతే ఈ పరిశోధన ఇక్కడితో ఆపెయ్యమన్నారు. మూడేళ్ళ చదువు.”

“ఇంతకీ దాని పేరేమిటన్నావు?”

“డిజైన్ సైన్స్. ముందు జనానికున్న ఇబ్బంది ఏదో పట్టుకోవాలి. దానికో వస్తువు తయారుచెయ్యాలి. వాడేవాళ్ళ చేతికిచ్చి చూడాలి. పనిచెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో తెలుసుకుని మళ్ళీ చెయ్యాలి. ఆ తెలుసుకున్నదే చదువు.”

“ఓసి, అంతేనా. మీ అమ్మకు గౌను కుట్టి, చంక పట్టేస్తే విప్పి, మెడ దూరకపోతే మళ్ళీ విప్పి... చివరికది దిండు గలీబయింది. నాకెవరూ పట్టా ఇవ్వలేదు.”

“నేనూ అలాగే విప్పి కుడుతున్నా. చప్పుడు చాల్లేదన్నారు, పెంచాను. దీపం కూడా పెట్టాను. నేనొచ్చి నొక్కితే శుభ్రంగా మోగుతుంది. నేను గడప దాటగానే మూగబోతుంది. ఎందుకో తెలిసి చావదు.”

“అదీ... అంటే...”

“ఏమిటి నములుతున్నావు?”

“పళ్ళుంటే కదా నమలడానికి.”

“అమ్మమ్మా.”

“కళ్ళజోడు పోవడం లేదే. నేనే దాస్తున్నా.”

“ఏంటీ?”

“అరవకు. ఓసారి పిండి డబ్బాలో, ఓసారి గొడుగులో, కుట్టుమిషను సొరుగులో... అందుకే నీ డబ్బీ చప్పుడు బయటికి రావట్లేదేమో అనుకున్నా.”

“అంటే ఇన్నాళ్ళూ నేను లేని రోగానికి మందు నూరుతున్నానా?”

“మరేం చెయ్యను? కళ్ళజోడు ముక్కున పడిందా, పేపర్లో దూరతాడు. టెండర్ల ప్రకటనలు కూడా వదలడు. ఇల్లు కాలుతోందండీ అన్నా ‘ఊ’ అంటాడు. అదే కనపడలేదనుకో, ‘ఏమోయ్, కాస్త వచ్చి చూడు’ అంటూ వస్తాడు. ఇద్దరం గదిగదీ తిరుగుతాం. మొన్న మంచం కింద వంగి, పెళ్ళిలో నేను కట్టుకున్న చీర రంగు చెప్పాడు. తప్పే చెప్పాడనుకో. అయినా చెప్పాడు.”

“ఇప్పుడెక్కడుంది?”

“నా ఒళ్ళో, కొంగు కింద.”

“ఉండు, నొక్కుతా... మోగలేదే. కొంగు కిందే ఉండి మోగకపోవడమేమిటి?”

“నీ యంత్రం జోలికి నేను పోలేదు తల్లీ. దాస్తానంతే.”

“ఇలా ఇవ్వు. మూత తీస్తే... బ్యాటరీ లేదు.”

“అదెలా ఉంటుంది?”

“గుండ్రంగా, బొత్తామంత, తెల్లగా మెరిసే బిళ్ళ.”

“అదా. ఉతకబోతే మీ తాత చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. కోటు బొత్తామేమో అని మళ్ళీ ఆయన జేబులోనే వేస్తుంటా. నువ్వొచ్చే రోజు మాత్రం ఉండదు.”

“నేనొచ్చే రోజు ఉండదా?”

“ఉండదు. ఏమే, అలా చూస్తావేం?”

“ఇవాళ నేను చెప్పకుండా వచ్చాను అమ్మమ్మా.”

“అంటే... ఆయనే తీసి...”

“ఆయనే తీసి, నేనొచ్చే రోజు మళ్ళీ పెట్టేస్తున్నారు. మోగితే ఇట్టే దొరికిపోతుందిగా. ఇక నువ్వెందుకు వెంట తిరుగుతావు?”

“ఓరి ఈయన...”

“నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?”

“ఉల్లిపాయలే.”

“ఇంకా చాకు కూడా తియ్యలేదు నువ్వు.”

“సరేలే. రేపు మీ గైడుకి ఏం చెబుతావు?”

“ఉన్నదున్నట్టు. ఎందుకు పనిచెయ్యలేదో తెలిసిందిగా. నేను ఇబ్బంది అనుకున్నది ఈ ఇంట్లో ఇబ్బందే కాదంటాను. ఒప్పుకుంటారో, నన్ను ఇంటికి పొమ్మంటారో.”

“ఇంట్లోనేగా ఉంటావు. బాగా గుర్తుపెట్టుకుని, ఒక్క ముక్క వదలకుండా చెప్పు. రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ళకీ చెప్పు. మీ తాతకు మాత్రం చెప్పకు.”

“ఏమోయ్, నా కళ్ళజోడు గానీ చూశావా?”

“అమ్మమ్మా, తాతయ్య పిలుస్తున్నారు. ఇచ్చేసి రానా?”

“నోర్ముయ్. దాన్నిలా తే... లేదండీ, ఇక్కడెక్కడా లేదు. మీరు ఆ బీరువా కింద చూస్తూ ఉండండి, చెయ్యి కడుక్కుని నేనూ వస్తున్నా.”