అవతలి గది గడప దాటిన ఎలీసబెతు టీచరమ్మ

అమ్మలారా, అయ్యలారా, సంఘ పెద్దలారా, ఈ వానలో తడుస్తూ వచ్చిన బన్సీలాల్‌పేట్ గల్లీవాసులారా,

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. మొన్న గురువారం పొద్దున గొడుగు వేసుకుని గల్లీలో నడిచిన ఎలీసబెతు టీచరమ్మ మధ్యాహ్నానికి లేరు. లేరంటే నమ్మేదెట్లా? నాకింకా నమ్మకం కుదరలేదు.

నేను భద్రయ్యను. రెజిమెంటల్ బజార్‌లో సున్నం కొట్టు నాది. మన గల్లీలో ఆమెకు నాలుగు కిరాయి గదులు, పక్కనే నాకు ఆరు. మధ్యలో ఇద్దరికీ ఒకటే మట్టిగోడ.

బడి నౌకరీ మానేటప్పుడు వచ్చిన డబ్బుకు కొంచెం అప్పు కలిపి ఆమె రెండే గదులు కట్టారు. వాటి కిరాయితో ఆ అప్పు తీర్చాకే మిగతా రెండూ కట్టారు. నేను? కొట్టు తాకట్టు పెట్టి, వడ్డీకి తెచ్చి, ఒకేసారి ఆరు లేపాను. "గిట్ల నడిస్తే ముసలితనం వస్తది గాని రాబడి రాదు టీచరమ్మా" అని నవ్వాను కూడా.

తర్వాత రజాకార్ల రోజులు. ఊరంతా పరేషాన్. పనుల్లేవు, కిరాయిలు లేవు. ఆమె తన నలుగురు కిరాయిదార్లనూ పిలిచి సగమే ఇవ్వమన్నారు. నేనేమో కిరాయి ఇవ్వలేనివాళ్లను వెళ్లగొట్టి తాళాలు వేశాను. నిరుడు పోలీసు చర్య ముగిసేదాకా నా మూడు గదులు ఖాళీ. వడ్డీ మాత్రం ఆగలేదు. "భద్రయ్యా, తాళంకప్ప కిరాయిస్తదా? సగమిచ్చే మనిషి నయం కాదా?" అన్నారు టీచరమ్మ. ఉగాదికి లెక్క చూసుకున్నాను. నా ఆరు గదులకన్నా ఆమె నాలుగు గదులమీదే ఎక్కువ మిగిలింది.

ఆమె ప్రతి నెలా కిరాయిలోంచి మరమ్మతుకు కొంత తీసిపెట్టేవారు. ఎండాకాలంలో నా కొట్టుకు వచ్చారు. "గోడ పగులు పెద్దగైంది. సగం ఖర్చు నాది, సగం నీది. వానలు పడకముందే కొత్తది కట్టిద్దాం" అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చారు.

నేనేమన్నానో చెప్పాలా? చెప్పాలి. అందుకే నిలబడ్డాను. "ఈ వానకాలం ఆగుతది తియ్యమ్మా" అన్నాను. సున్నం అమ్మేవాణ్ణి. కొట్టు నిండా సున్నం పెట్టుకుని ఆ మాట అన్నాను.

మూడు రోజులు ముసురు పట్టింది. గురువారం పదింటికి గోడ మట్టి రాలడం చూసి ఆమె తన కిరాయిదార్లందరినీ బయటికి పంపారు. అక్కడితో ఆగితే ఈ రోజు ఈ సభ లేదు. కానీ గోడకు ఇవతల, నా గదిలో, అక్కడ కిరాయికుండే మన స్టేషన్ హమాలీ పర్వతాలు వాళ్ల తల్లి కాళ్లు కదలక పడుకుని ఉంది. కొడుకు పనికి పోయాడు. అరవై దాటిన టీచరమ్మ ఆ ముసలమ్మను చంకల కింద పట్టి లేపి, గడప దాకా ఈడ్చుకొచ్చి, బయటికి తోశారు. అంతలో గోడ కూలింది. టీచరమ్మ లోపలే ఉండిపోయారు.

అది ఆమె గది కాదు, అయ్యా. ఆ కిరాయిలో ఆమెకు పైసా రాదు. అది నా గది!

కబురందుకుని పరుగెత్తుకొచ్చి ఈ చేతులతోనే మట్టి తీశాను. తీసేసరికి ఏముంది?

నిన్న గోడలు కొత్తగా కట్టించడానికి నా గదులన్నీ ఖాళీ చేయించి మేస్త్రీని పిలిచాను. గొప్పకు చెప్పడం లేదు. ఇంత ఆలస్యంగా చేసిన పనికి గొప్పేముంది? మీరు నన్ను క్షమించాలని కూడా అడగను.

ఒక్కటే అడుగుతాను. టీచరమ్మ కోసం అందరూ లేవండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. పర్వతాలూ, మీ అమ్మను జెర పట్టుకో. ఆమె గూడా నిలబడతానంటోంది.