విసిగించే పిల్లల జాబితా

1992వ సంవత్సరం ఆగస్టు మూడో తేదీ సోమవారం నాడు, తడిసిన గొడుగును గుమ్మం పక్కన ఆనించి, మా ఉన్నత పాఠశాల హాజరు పట్టీలో తొలి సంతకం చేసిన గణితోపాధ్యాయిని, మనందరి లెక్కల మేడమ్ గారు, ముప్పై మూడేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందిస్తూ గంభీరమైన భాషలో ఒక వ్యాసం రాయమని మన పాఠశాల సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. నేను ప్రయోగశాల సహాయకుణ్ణి, బోధనేతర సిబ్బంది సంఘం కార్యదర్శిని. గంభీరమైన భాష నాకు కరపత్రాల్లోనే అలవాటు. సర్దుకోండి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ వ్యాసం నెల కిందట రాయాల్సి వస్తే అభినందన అయ్యేది కాదు, గొడవ అయ్యేది. మేడమ్ గారు ఇరవై ఆరేళ్లుగా ప్రతిభావంతులైన పిల్లల కోసం నడిపిన పై అంతస్తు చివరి గదిని, వారు వెళ్లిన మర్నాటి నుంచే విరిగిన బల్లలు పేర్చుకోవడానికి వాడుకోవాలని పాఠశాల కమిటీ తీర్మానం రాసి పెట్టుకుంది. ఆ గండం గడిచింది. ఇప్పుడు గుండెల మీద చెయ్యి వేసుకుని రాస్తున్నాను.

తొలి ఏడేళ్లు మేడమ్ గారు అందరిలాగే పాఠం చెప్పారు, అందరిలాగే పేపర్లు దిద్దారు. కానీ ఒక సంగతి వారిని ముల్లులా గుచ్చేది. నలభై నిమిషాల లెక్కలను పది నిమిషాల్లో ముగించి చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లకు మన దగ్గర దొరికే బహుమానం ఏమిటి? అవే లెక్కలు ఇంకో పది. లేదా పక్కవాళ్ల పుస్తకాలు దిద్దే వెట్టి. అదీ కాకపోతే "తల వంచుకుని కూర్చో" అన్న ఆజ్ఞ. తొందరగా చేసినందుకు ఇంతకన్నా చక్కటి శిక్షను ఏ జైలులోనూ కనిపెట్టి ఉండరు. 1999లో మేడమ్ గారు ప్రధానోపాధ్యాయుల వెంటపడి, ఎవరికీ అక్కర్లేని ఆ చివరి గదిని సాధించారు. మూడు కిటికీలు, ఒక నల్లబల్ల, కాలు విరిగిన కుర్చీ. అంతే.

ఆ గదిని మొదట వ్యతిరేకించినవాణ్ణి నేనే. దాచను. "వెనకబడ్డ పిల్లలు అన్ని తరగతుల్లో ఉండగా, కడుపు నిండినవాళ్లకే ఇంకో ముద్దా?" అని ఉపాధ్యాయుల గదిలో బల్ల గుద్ది అడిగాను. అడగడానికి కారణం ఉంది. మార్కుల పట్టీలో పైనుంచి పన్నెండో పేరు కింద గీత గీసి, ఆ పన్నెండు మందినీ తీసుకున్నారు వారు. పన్నెండు మందీ ట్యూషన్‌కు వెళ్లేవాళ్లే.

"ఇది తెలివైన పిల్లల గది కాదు మేడమ్, ట్యూషన్ పిల్లల గది!" అన్నాను.

గదిలో అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. మేడమ్ గారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అరవడం అయిందా సెక్రటరీ గారూ? అయితే చెప్పండి, ఎవర్ని తీసుకోమంటారు?"

"నన్ను విసిగించేవాళ్లని. గాజు గొట్టం కడగనివ్వరు, అదేంటి ఇదేంటి అని ప్రాణం తీస్తారు. వాళ్లకి మీ పట్టీలో ముప్పై అయిదు మార్కులు."

"పేర్లు చెప్పండి," అని అప్పటికప్పుడు కలం తీశారు.

మన పాఠశాలలో తప్ప ఇంకెక్కడా లేదని నేను పందెం కాయగల ఆ ఆచారం అలా మొదలైంది. ప్రతి శుక్రవారం సాయంత్రం అట్ట చిరిగిన నోటుపుస్తకం పట్టుకుని మేడమ్ గారు గేటు కాపలాదారు దగ్గరికి, గ్రంథాలయం అక్కయ్య దగ్గరికి, గదులు ఊడ్చే ఆయమ్మ దగ్గరికి, నా దగ్గరికి వచ్చి, ఈ వారం ఎవరు ఎక్కువ విసిగించారో, ఏమని విసిగించారో రాసుకునేవారు. మార్కులు చూసేది ఆ తరువాతే. మొదట్లో ఆయమ్మ నవ్వింది. "ఇన్నేళ్లలో నన్నెవరూ ఏ పిల్లని గురించీ అడగలేదమ్మా," అంది. తరువాత్తరువాత శుక్రవారం వస్తే చీపురు పక్కన పెట్టి ఎదురుచూసేది.

వారూ పొరబాట్లకు అతీతులు కారు. తొమ్మిదో తరగతిలో దర్జీ కూతురు ఒకతె ఉండేది. అన్నిటికీ ఎందుకు, ఎందుకు అనడంవల్ల తోటి పిల్లలు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టారు. ఉప్పు నీటి చుక్క ఆరితే మరక మధ్యలో పల్చగా, అంచున చిక్కగా ఎందుకుంటుందని నన్ను నాలుగు రోజులు తిననివ్వలేదు. జాబితాలో ఆ పేరు రాయించింది నేనే. మేడమ్ గారు మహోత్సాహంతో ఆ అమ్మాయిని గదిలోకి తీసుకుని, కఠినమైన ప్రశ్నపత్రం ఇచ్చారు. చేసింది. ఇంకా కఠినమైనది ఇచ్చారు. అదీ చేసింది. మూడు వారాలు అలా నడిచాక ఎందుకమ్మ బడికే రావడం మానేసింది.

ఇద్దరం కలిసి వాళ్లింటికి వెళ్లాం. ముందుగదిలో రెండు కుట్టు మిషన్లు, వెనక గదిలో సంసారం. తల్లి మిషను ఆపకుండానే మాట్లాడింది.

"మీ గదికి వెళ్లిన దగ్గర్నుంచి మా పిల్ల నవ్వడం మానేసిందండీ. ఇంట్లో కూడా ఎందుకు అనట్లేదు. ఇదివరకు నోరు మూసుకోవే అని తిట్టేదాన్ని. ఇప్పుడు నోరు తెరవవే అని బతిమాలుతున్నా."

తలుపు చాటు నుంచి పిల్ల అంది: "అక్కడ అన్నీ మీ ప్రశ్నలే కదా మేడమ్. నావి ఎప్పుడు అడగను?"

ఆ మాటకు నేను గట్టిగా ఏదో అనబోయాను. మేడమ్ గారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. మర్నాడు ప్రశ్నపత్రాల కట్టలన్నీ నా చేతికిచ్చి, "వెనకవైపు ఖాళీయే, మీ ప్రయోగశాలకి పనికొస్తాయి," అన్నారు. గది గోడ నిండా తెల్ల కాగితం అంటించారు. ఇకపై అక్కడ ప్రశ్న పిల్లలది. వారం రోజులకు వచ్చిన ఎందుకమ్మ ఆ గోడ మీద మొదటి ప్రశ్నగా ఉప్పు మరకనే రాసింది. మేడమ్ గారి జవాబు: "నాకూ తెలీదు. చూద్దాం పద." ఇద్దరూ నా ప్రయోగశాలకు వచ్చి పదకొండు రోజులు నా బల్లలన్నీ పాడు చేశారు. నేను పదకొండు రోజులూ తిట్టాను. పన్నెండో రోజు రాకపోతే తోచలేదు.

ఎందుకమ్మ ఇప్పుడు నీటి సరఫరా విభాగంలో గొట్టాల ఒత్తిడి లెక్కలు చూస్తోంది. పై అధికారులను ప్రశ్నలతో వేధిస్తోందని ఈ మధ్య ఒక ఫిర్యాదు వెళ్లిందట. ఆ కబురు విని మేడమ్ గారు సంతోషం పట్టలేక వరసగా రెండు టీలు తాగారు. వారి భర్త గారు, పిల్లలు ఈ వ్యాసం చదువుతారు కాబట్టి రెండింటిలోనూ చక్కెర వేసుకున్నారన్న సంగతి రాయను.

ఇక గండం సంగతి. బాధ్యత తీసుకునే ఉపాధ్యాయులు లిఖితపూర్వకంగా ముందుకు రాకపోతే గది రద్దు అని కమిటీ తేల్చి చెప్పింది. సమావేశంలో కాగితం బల్ల మీద పెట్టారు. భౌతికశాస్త్రం మాస్టారికి రక్తపోటు. ఇంగ్లీషు మేడమ్‌కి పరీక్షల పని. మిగతావారికి తిరుగుతున్న ఫ్యాను మీద అకస్మాత్తుగా ఆసక్తి పుట్టింది. మేడమ్ గారు ఎవరినీ అడగలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. వేళ్లు మాత్రం నోటుపుస్తకం అట్టను చింపుతున్నాయి. ఇరవై ఆరేళ్లలో వారు ఓడిపోతుండగా చూడటం నాకదే మొదలు. బోధనేతరుణ్ణి, నా సంతకం చెల్లదు.

అప్పుడు డ్రిల్లు మాస్టారు లేచారు. ఆ గది పిల్లలకు బంతి పట్టుకోవడం రాదని పదిహేనేళ్లుగా వెక్కిరించినవారు.

"మొన్న ఒకడు బంతి గాలిలో వంకర ఎందుకు తిరుగుతుందని అడిగాడండీ. తెలీక నాలుగు రౌండ్లు పరిగెత్తించా. పరిగెడుతూ కూడా అడిగాడు వెధవ! ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, 'తెలీదని చెప్తే నీ విజిల్ అరిగిపోయేదా?' అంది. కానీ మేడమ్, నాకు లెక్కలు రావు."

"రానక్కర్లేదు మాస్టారూ. తెలీదనడం వచ్చిందిగా. అదే కష్టం," అన్నారు మేడమ్ గారు.

మాస్టారు సంతకం పెట్టారు. నేను మెట్ల మీదికి వెళ్లి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుని, మళ్లీ లోపలికి వచ్చి కమిటీని నాలుగు తిట్టాను.

నిన్న మాస్టారు కొత్త నోటుపుస్తకంతో తొలి శుక్రవారం విధి నిర్వహించారు. మొదటి పేరు ఎవరిదా అని తొంగి చూశాను. ఇలా ఉంది: "లెక్కల మేడమ్. గోడ కాగితం మార్చారా, కిటికీ గొళ్లెం వేశారా, బంతి సంగతి ఎంతవరకు వచ్చింది అని వారంలో పదిహేడు సార్లు అడిగారు."

మేడమ్ గారూ, మీరు నిండైన ఆరోగ్యంతో, మోకాళ్లు మొరాయించకుండా, చక్కెర అదుపులో ఉంచుకుని, మీ వారితో, పిల్లలతో హాయిగా నూరేళ్లు ఉండాలి. ప్రతి శుక్రవారం ఆ గేటు దగ్గరికి వచ్చి మమ్మల్ని విసిగించాలి. జాబితాలో మీ పేరు కొట్టివేసే అధికారం ఏ కమిటీకీ లేదు. ఉందంటే, సంఘం చూసుకుంటుంది.