తొమ్మిదో డ్రైవ్

విప్పిన పాత డీవీడీ డ్రైవుల మధ్య సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్న తమ్ముడి ముందు అక్క ఓ సీడీ పెట్టింది.

"అమ్మ పాత స్కాన్ ఇది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించివ్వు. అది చూస్తేగానీ ఆపరేషన్ మాట తేల్చరట డాక్టరుగారు."

"ఇంట్లో ఉన్నవన్నీ విప్పేశానక్కా."

"నాదీనా?"

"పొద్దున్నే. దుమ్ము పట్టి ఉంటే, నీకక్కర్లేదనుకున్నా."

"దేనికిరా ఇదంతా?"

"లోపలి లేజర్ డయోడ్ కోసం. కందిగింజంత ఉంటుంది. ఒంట్లో ఉండే కాస్త కరెంటు తగిలినా చచ్చిపోతుంది. ఎనిమిది పోయాయి."

"మరి నాది?"

"బతికింది."

"హమ్మయ్య. మళ్ళీ బిగించెయ్."

"బిగించినా చదవదక్కా. తీసేటప్పుడు లెన్సు విరిగింది."

"మరింకేం చేస్తుందిరా అది?"

తమ్ముడు తలెత్తలేదు.

"లేజర్ వెలుగుతో బెలూన్ పగలగొడుతుంది."

అక్క కుర్చీ లాక్కుని కూలబడింది.

"సరే, పగలగొట్టు. అదైనా చూసి వెళ్తాను."