ప్యాకెట్టులో నాలుగో వంతు

మీరు చదవమన్నారు, ఆయన చదివాడు. ఇంకేం చేయాలి మేడమ్, మనిషన్నవాడు? పోయినసారి ఈ ఆసుపత్రిలో, ఇదే గదిలో కూర్చోబెట్టి, తిండి సంగతంతా మీరే కదా చెప్పింది, "గుండె బలహీనపడింది, ఉప్పు తగ్గించాలి, ఏది కొన్నా వెనకాల రాసింది చూసి కొనండి" అని?

చూశాడండీ! మా ఆయన దర్జీ. అర అంగుళం తేడా వస్తే చొక్కా మొత్తం విప్పి మళ్ళీ కుట్టే రకం. కళ్ళజోడు పెట్టుకుని, సూపు ప్యాకెట్టు లైటు కింద తిప్పి తిప్పి చూసి, "ఇదిగోవే, ఉప్పు ఇంతేనని అంకె వేసి మరీ ఇచ్చారు. నీ గిన్నె మీద ఏం రాసుంది?" అన్నాడు నాతో.

ఏం రాసుంటుంది? మసి ఉంటుంది.

అప్పట్నుంచి పగలు నా వంట ముడితే ఒట్టు! చప్పిడి కూర వండి క్యారేజీ కట్టిస్తే, మూత కూడా తీయకుండా తిరిగొచ్చేది. కొట్లో మిషను పక్కనే నీళ్ళు కాచుకుని, ప్యాకెట్టంతా కలుపుకుని చెంబెడు సూపు తాగేవాడు. ఏమన్నా అంటే, "ఓర్వలేకపోతున్నావు" అని నవ్వు.

కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టలేదు. పడుకుంటే ఆయాసం. తలగడ మీద తలగడ వేశాను. అప్పుడు నామీద పడ్డాడండీ! "రాత్రి నువ్వు పెట్టే ఆ కాస్త కూరలోనే ఉంది. నీ చెయ్యి ఊరుకోదు" అని. నిజమేనేమో అనుకున్నాను నేను కూడా. ఉప్పు డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను.

ఇవాళ గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూనే కూలబడిపోయాడు. పక్క కొట్టువాళ్ళు మోసుకొచ్చారు. డాక్టరుగారు ఏం తింటున్నాడని అడిగితే ప్యాకెట్టు తీసిచ్చాను. వెనక్కి తిప్పి గోటితో చూపించారు. "అమ్మా, ఈ అంకె ఒక సర్వింగుకి. ఇందులో నాలుగు సర్వింగులున్నాయి" అన్నారు.

నలుగురు తాగాల్సిందట! అంకేమో పెద్దగా. ఈ ముక్క మాత్రం అతుకు దగ్గర, చీమ తలకాయంత.

అంకె చూడమన్నారు గానీ, అది ఎంతకి వేసిన అంకో చూడమని మీరు చెప్పలేదే?

...చెప్పారా? ఆయనకా?

అయ్యో. అప్పటికి నేను లేచెళ్ళి మందుల కోసం వరుసలో నిలబడ్డాను. నాతో అనలేదు. తలూపి వచ్చేసుంటాడు. అంతే ఆయన.

లేదు లేదు, ఇప్పుడు కాస్త నయం. మాస్కు పెట్టారు. మాట్లాడలేడు, నావంకే చూస్తున్నాడు.

ఒకటి చెప్పనా మేడమ్? డాక్టరుగారు ఆ ముక్క అన్నప్పుడు, పక్కనే ఆయన గాలి అందక కొట్టుకుంటున్నాడు. నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య, నా కూర కాదు అనిపించింది. కడుపు చల్లబడింది.

ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.