చక్కెర కొస

హామిల్టన్‌లో యూనివర్సిటీ బస్సు తెలుగు పిల్లలతో కిటకిటలాడుతోంది. నా వెనక సీట్లో ఓ భీమవరం అబ్బాయి, తనతోపాటు ఊరి నుంచి వచ్చిన ప్రియురాలికి రేపటి ప్రెజెంటేషన్ ఒప్పజెబుతున్నాడు.

“బ్యాక్టీరియా ఒంటి మీద చక్కెర గొలుసులుంటాయి. యాంటీబాడీ బ్యాక్టీరియాని మొత్తం చూడక్కర్లేదు. గొలుసు కొస తగిలితే చాలు, గుర్తుపట్టి పట్టేసుకుంటుంది.”

“ఏం గొలుసులు?”

“చక్కెర.”

“మొన్నటిదాకా టీలో పంచదార వేసుకునేవాడివి. చక్కెర ఎప్పటినుంచి?”

“రెండూ ఒకటేగా!”

“మీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన కరీంనగర్ అమ్మాయి కూడా చక్కెరే అంటుందా?”

“స్పందనా? తనతో నేను సరిగా మాట్లాడింది కూడా లేదు. అసలు నువ్వేం చూశావని?”

“మొత్తం చూడక్కర్లేదన్నావుగా. కొస తగిలింది.”