మగ్గుకి రెండు చెంచాల ఉప్పు

జూబ్లీ హిల్స్‌లో, డబ్బింగ్ చెప్పే శకుంతలమ్మ గారి హాలు. ఎనిమిది నెలల కిందట పోయిన కూతురు గీతిక పెట్టుకున్న గాజుతొట్టి. అందులో సముద్రమంత ఉప్పగానూ, చెరువంత చప్పగానూ కాకుండా ఉండాల్సిన నీళ్ళు. చేతులు మోచేతుల దాకా అందులో ముంచి ముసలి డ్రైవరు జంగయ్య.

“సముద్రపు నీళ్ళల్ల కొత్తిమీర పండించిన చేతులమ్మా ఇవి. చేపలొచ్చి దండం పెట్టి పొయ్యేవి.”

“ఆ చేతులు ముందు తొట్టిలోంచి తియ్యి జంగయ్యా.”

“తీస్త. ఈ నల్లబడ్డ ఆకు గిల్లితే కింద పచ్చగ ఇంకోటి...”

“ఏదీ?”

“జర ఆగుండ్రి.”

“ఏదీ అంటుంటే?”

“రేపు కనబడ్తది. మొక్కలు సిగ్గుపడ్తయమ్మా, కొత్త హీరోయిన్ల లెక్క. మనం నిలబడి సూస్తుంటే బయటికి రావు.”

“రెండు నెలల నుంచీ రేపే అంటున్నావు. ఫెర్న్ మొక్క మొత్తం నల్లబడింది. గడ్డి కరిగి నీళ్ళలో కలిసిపోయింది. మడ మొక్కకి రెండాకులుండేవి, పొద్దున ఒకటి రాలింది.”

“ఒకటున్నది గద.”

“నవ్వించకు.”

“చేపలైతే మంచిగనే ఉన్నయి, సూడుండ్రి.”

“చేపలు ఎవరో తెచ్చిచ్చినవి. మొక్కలే గీతిక పెట్టింది. ఇదిగో ఇక్కడే నేల మీద కూర్చుని, ఒక్కో వేరూ దారంతో రాయికి కట్టుకుంటూ. దాని చేత్తో పెట్టింది, ప్రాణంతో ఉన్నది, ఈ ఇంట్లో ఇంకేముంది?”

“ఎరుకనే అమ్మా.”

“మధ్యాహ్నం నువ్వు పెట్రోలుకి వెళ్ళినప్పుడు ఫిల్మ్ నగర్ చేపల షాపాయన వచ్చాడు.”

“ఆయనెందుకు? నన్నడిగితే అయిపోతుండె గద.”

“నీళ్ళలో మీటరు పెట్టి చూశాడు. ఇది తొట్టా, సముద్రమా అని అడిగాడు.”

“ఆయనకేం ఎరుక...”

“అవున్లే, నీకే తెలుసు. సముద్రంలో కొత్తిమీర పండించినవాడివి.”

“నేను సముద్రం ఎన్నడు సూసినమ్మా? వైజాగ్ షూటింగుకు పోయిన్నాడు వ్యాన్ల పండుకున్న, లేసేసరికి పేకప్ చెప్పిండ్రు. కొత్తిమీర బోరబండల మా మిద్దె మీద డబ్బాల ఏసిన. గదీ మొలవలే.”

“ఇంత హాయిగా ఎలా ఒప్పుకుంటావయ్యా?”

“మీరు నవ్విండ్రు, చాలు.”

“నేను నవ్వలేదు.”

“సరే అమ్మా.”

“షాపాయన ఏమన్నాడో అడగవేం?”

“చెప్పుండ్రి.”

“తొట్టిలో రోజూ తగ్గేది నీళ్ళేనట. ఉప్పు ఆవిరైపోదట, అందులోనే ఉంటుందట. తగ్గినంత మేరా ఉత్త మంచినీళ్ళే పొయ్యాలట. మనం ఎనిమిది నెలలుగా మగ్గుకి రెండు చెంచాల ఉప్పు కలిపి పోస్తున్నాం. రోజూ.”

“నీళ్ళన్నీ తీసేసి కొత్తయి...”

“అదీ అడిగాను. వేళ్ళు కుళ్ళిపోయాయన్నాడు. ఇంక బతకవన్నాడు.”

“ఒక్క ఆకు...”

“బతకవన్నాడు జంగయ్యా. సరే, వదిలెయ్. నేను వేరే సంగతి అడుగుతాను. గీతిక నాలుగేళ్ళు పెంచింది వీటిని. ఒక్కటీ చావలేదు. తగ్గినదానికి మంచినీళ్ళు పొయ్యాలని దానికి తెలీదా?”

“పాపకు ఎందుకు తెల్వదు.”

“మరి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కార్లో నీతో అలా ఎందుకు చెప్పింది? అమ్మని మగ్గుకి రెండు చెంచాలు వెయ్యమను, మానొద్దను అని?”

“జ్వరంల ఉండె గద...”

“అంటే అప్పటికే మతి తప్పిందా? నేను స్టూడియోలో ఎవరికో గొంతిస్తూ కూర్చున్నాను. అక్కడ నా బిడ్డకి మతి తప్పిందా?”

“లేదు లేదు. తెలివిలనే ఉండె.”

“తెలిసే చెప్పిందా? అయితే ఇవి చావాలనే చెప్పింది. నా మీద కోపంతో చెప్పింది.”

“అమ్మా, పాపను గట్ల అనకుండ్రి.”

“మరెలా అనను? ఆ రోజు కార్లో నువ్వొక్కడివే ఉన్నావు. ఇంకెవర్ని అడగను? ఏమంది?”

“చెక్‌పోస్ట్ కాడ ఏసీ జర తక్కువ చెయ్యమన్నది.”

“తర్వాత?”

“తర్వాతేం లేదమ్మా. దిగేదాంక కండ్లు మూసుకొనే ఉన్నది.”

“మరి ఉప్పు?”

“పాప నీళ్ళు మార్చినప్పుడు కొత్త నీళ్ళల్ల ఉప్పు కలుపుడు సూసిన. గదే నోటికొచ్చింది.”

“నీ నోటికా?”

“మీరు మూడు దినాలు మంచినీళ్ళు గూడ ముట్టలే. పాప ఏమన్నది, ఏమన్నది అని ఒక్కటే అడుగుడు. పొద్దుగాల లేసి చెయ్యనీకి ఏదన్న ఒక పనుంటే బతుకుతరనుకున్న. ఉప్పు ముచ్చట నేనే కల్పించినమ్మా.”